శుక్రవారం అడగకూడని ప్రశ్న

ఈ రోజు మా ఆయనా నేనూ అమలాపురంలో ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లాం. మా ఆయన దుబాయ్‌లో పాతికేళ్లుగా పనిచేస్తున్నారు, త్వరలో రిటైరవుతారు. నేనూ ఆయనతో అక్కడే ఉంటాను. ఇప్పుడు సెలవు మీద వచ్చాం. రిటైరయ్యాక కూడా మా ఊరు ముక్తేశ్వరం రాకుండా అక్కడే ఉండిపోవాలని ఆయన కోరిక. ఫ్లాటు అద్దె, ఆరోగ్య బీమా, ఏడాదికోసారి విమానం టిక్కెట్లు, అన్నీ హుషారుగా చెప్పుకొచ్చారు.

ఆడిటర్ గారు అంతా విని నా వైపు చూశారు.

"బాగుందండి. మేడం గారి వీసా మీ వీసా మీదే కదండీ? రేపు మీకేదన్నా అయితే ఆవిడ అక్కడెలా ఉంటారండీ? మీ పేరునున్న బ్యాంకు అకౌంటు కూడా ఆపేస్తారండి."

మా ఆయన మొహం చిట్లించారు. "శుక్రవారం పూట ఆ మాటలేంటండీ బాబూ! ఇంకేదన్నా చెప్పండి."

"ఆయ్, అలాగేనండి" అని ఆడిటర్ గారు పన్నుల గురించి మొదలుపెట్టారు.

ఆ తర్వాత నాకొక్క ముక్క బుర్రకెక్కలేదు. అక్కడ నా పేరున సిమ్ కార్డు కూడా లేదని అప్పుడు తట్టింది. తిరిగొస్తుంటే స్కూటర్ కాస్త జోరందుకోగానే ఆయన చొక్కా గట్టిగా పట్టుకున్నాను.

"ఏంటే, కొత్తగా భయం?" అని నవ్వారు.

ఇంటికొచ్చాక కూడా అడగలేకపోయాను. రేపు శనివారం, ఎల్లుండి అమావాస్య. ఇలాంటి మాట మొగుణ్ణి ఏ రోజు అడగొచ్చో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఆ రోజు వచ్చేదాకా ఆయన బండి మెల్లగా నడిపితే చాలు.