జాడ పట్టే చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయిన వార్తను నాచారంలోని మా కాలనీ వాట్సాప్ గ్రూపులో అందరికంటే ముందు పెట్టింది అసోసియేషన్ అధ్యక్షుడు. కింద దండం పెట్టే చేతుల బొమ్మ. ఫ్యాక్టరీల రోడ్డు పక్కన కుక్కతో సాధన చేస్తుంటే, వెనక్కి వస్తున్న లారీ ఆమెను గుద్దింది. ఆమెను ఆ రోడ్డుకు తరిమింది ఎవరో ఆయన రాయలేదు. నేను రాస్తున్నాను.

చిన్నమ్మ రైల్వేలో పనిచేసి రిటైరైంది. తోటివాళ్లు మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునే వయసులో కుక్కతో జాడ పట్టే ఆట నేర్చుకుంది. ఒకరు గడ్డిలో నడిచి, దారిలో ఒక సాక్సో గుడ్డో వదిలి వెళ్తారు. కాసేపాగి కుక్క ఆ వాసన పట్టుకుని, నడిచిన దారినే పోవాలి. వస్తువు దొరికిన చోట పడుకోవాలి. పొడవాటి తాడు పట్టుకుని వెనకాల నడవడమే మన పని.

ఆమె కుక్క మల్లి, ఉప్పల్ నల్లచెరువు గట్టు మీద దొరికిన వీధి కుక్క. పోటీల్లో మేలుజాతి కుక్కల వాళ్లు నవ్వేవారు. "నవ్వనియ్యి. ముక్కుకు జాతేంది?" అనేది. తిరిగొచ్చేటప్పుడు మల్లికి ఉడికించిన గుడ్డు, నాకు మిర్చి బజ్జీ. గెలిచినా ఓడినా అంతే. దారి తప్పిందని నేను మల్లిని కసిరితే మాత్రం ఊరుకునేది కాదు. "దాని పని అది జేస్తుంది. నువ్వు జర నోరు మూస్కొని నడువు."

నిరుడు వానాకాలంలో అధ్యక్షుడి తల్లి కనిపించకుండా పోయింది. మతిమరుపు మనిషి. చిన్నమ్మ వెళ్లి ఆమె విడిచిన చీర అడిగితే, "కుక్కను ఇంట్లకు తేకండి మేడం, పోలీసులు సూస్కుంటరు" అన్నాడాయన. ఆయన భార్యే గోడ మీది నుంచి చీర అందించింది. మల్లి గేటు దాటి, మూతబడ్డ ఫ్యాక్టరీ గోడ వెంట పోయి, తుమ్మపొదల వెనక ఆగింది. అధ్యక్షుడి తల్లి బురదలో కూర్చుని వణుకుతోంది. చిన్నమ్మ తన రెయిన్‌కోటు విప్పి కప్పింది. "లే పెద్దమ్మా, ఇంటికి పోదాం."

దసరా రాకముందే, చిన్నమ్మ రోజూ మల్లితో సాధన చేసే కాలనీ పార్కు గేటుకు బోర్డు పడింది: కుక్కలకు ప్రవేశం లేదు. చిన్నమ్మ అడగడానికి అధ్యక్షుడి ఇంటికి పోతే నేనూ వెంట వెళ్లాను.

"మీరు జేసింది మర్చిపోలే మేడం. కానీ రూల్ రూలే కదా" అన్నాడు. కూర్చోమని కూడా అనలేదు.

మెట్లు దిగుతూ ఆమె బదులు కూడా నేనే మండిపడ్డాను, ఇప్పటికీ మండుతున్నాను. ఆ మర్నాటి నుంచే లారీల రోడ్డు.

సంతాప సభ అదే పార్కులో పెట్టారు. "మన కాలనీకి గర్వకారణం" అని ఆయన మైకులో అంటుండగా లేచాను.

"బతికున్నప్పుడు ఈ గేటు లోపలికి రానియ్యలే. ఇప్పుడు ఫొటోకు దండేస్తున్రా?"

"ఇప్పుడెందుకమ్మా గవన్నీ" అన్నాడాయన.

కుర్చీల్లో సగం మంది, మీటింగులో ఆ బోర్డు కావాలని చేతులెత్తినవాళ్లే.

మర్నాడు పొద్దున మల్లిని తీసుకుని పార్కుకు వెళ్లాను. వాచ్‌మన్ నా ముఖం చూసి గేటు తీశాడు. నడకకు వచ్చిన అధ్యక్షుడు ఆగిపోయాడు. పక్కనున్న ఆయన భార్య మాత్రం ఆగలేదు. చెప్పులు విడిచి, బాట దిగి, మంచుకు తడిసిన గడ్డిలో అడ్డంగా నడుచుకుంటూ, దారిలో చేతిరుమాలు వదిలి, అవతలి గోడ దాకా పోయి, మా వైపు తిరిగి నిలబడింది.