తాళం వేసిన కాన్పుల గది

ఆ ఏడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు సరిగా నడవలేదు. గ్రానైట్ కోసే యూనిట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చిత్తూరుకు దగ్గర్లోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను అప్పుడు స్టాఫ్ నర్సును. అంతకుముందు జ్వరమొస్తే టౌనులో ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు, బీపీ మాత్రలు కొనుక్కున్నవాళ్లు ఇప్పుడు చేతిలో డబ్బులాడక, మొహమాటపడుతూ వచ్చి మా బెంచీల మీద కూర్చునేవారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మాకొచ్చే మందులు తగ్గాయి. నెలకు సరిపడా ఇచ్చే షుగర్ మాత్రలు వారానికే ఇచ్చి, మళ్లీ రమ్మనేవాళ్లం. కూలి పోగొట్టుకుని ఎన్నిసార్లు వస్తారు? కొందరు రావడమే మానేశారు.

తర్వాత నాతో పనిచేసే కాంట్రాక్టు నర్సుకు పొడిగింపు రాలేదు. నాకన్నా చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. ఒక్క నర్సుతో పగలూ రాత్రీ కాన్పులు కుదరవు కాబట్టి, గర్భిణులందరినీ చిత్తూరు పెద్దాసుపత్రికి పంపమన్నారు. కాన్పుల గదికి తాళం వేశాను. అయినా లోపలి సామాను మాత్రం ఎప్పటికప్పుడు శుభ్రం చేసి సర్దిపెడుతూనే ఉన్నాను. అలవాటు పోలేదు.

ఒక మధ్యాహ్నం, జోరున వాన. మా బజారులో బట్టలు కుట్టే సాయిబుగారి భార్య, నొప్పులు పడుతున్న కోడల్ని ఆటోలో తీసుకొచ్చింది.

"చిత్తూరికి పోదామని బయల్దేరినాం తల్లీ. దావలోనే ఉమ్మనీరు పోయింది. ఇంక ముందుకు పోలేం" అందామె.

డాక్టరుగారికి ఇంకో కేంద్రం బాధ్యత కూడా అప్పగించారు. ఆ రోజు ఆయన అక్కడున్నారు. ఫోన్ చేస్తే, "చూడండి, పంపే వీలుంటే పంపండి. నేను బయల్దేరుతున్నా" అన్నారు. అంబులెన్స్ వేరే కేసుతో తిరుపతి దారిలో ఉంది. కోడలిపిల్లను పరీక్షించాను. బిడ్డ తల కనిపిస్తోంది. ఇక పంపే మాట లేదు.

తాళం తీసి, పని పోయిన ఆ చిన్న నర్సుకు ఫోన్ చేశాను.

"కాన్పు వచ్చిందే. నేనొక్కదాన్నే ఉండా."

"టమాటా తోటలో ఉండానక్కా. వస్తా ఉండా."

ఉద్యోగం తీసేసిన ఆసుపత్రికి ఎందుకు రావాలని ఆమె అడగలేదు. మొగుడి బండి మీద తడుస్తూ వచ్చి, కాళ్ల బురద కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుంది.

ఆడపిల్ల పుట్టింది, వెంటనే ఏడ్చింది. మాయ కూడా పడింది. కానీ తల్లికి రక్తం ఆగలేదు. రక్తం ఆపే సూదిమందు ఫ్రిజ్‌లో ఒక్కటే మిగిలింది. అది వేసి, సెలైన్ పెట్టి, ఇద్దరం మార్చి మార్చి పొత్తికడుపు రుద్దుతూ నిలబడ్డాం. అత్త గోడకానుకుని దువా చేసుకుంటోంది. నా చేతికింద గర్భసంచి మెల్లగా గట్టిపడింది. రక్తం తగ్గింది.

"ఆగిందక్కా" అంది చిన్నది.

డాక్టరుగారు వచ్చారు, ఆయన వెనకే అంబులెన్స్ వచ్చింది. తల్లీబిడ్డలను చిత్తూరు పంపించాం. ఇద్దరూ క్షేమంగా ఇల్లు చేరారు.

మర్నాడు పైఅధికారి ఫోన్ చేశారు. "మూసిన గదిలో కాన్పు ఎందుకు చేసినారమ్మా? ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్పేది?"

"వరండాలో చేయలేను గదా సార్. ఆ నర్సు పోస్టు తిరిగి ఇప్పించండి."

"అడగతానే ఉండానమ్మా. పైన డబ్బుల్లేవంటా ఉండారు. నన్నేం చేయమంటావ్?" అన్నారు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

రాబడి పడిపోతే ఖర్చు తగ్గించుకోవడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. మా నాయనకు పని లేని రోజుల్లో మేము కొత్త బట్టలు మానుకున్నాం, పెళ్లిళ్లకు వెళ్లడం మానుకున్నాం. అమ్మ మందులు మాత్రం మానలేదు. ముందు ఏది తగ్గించాలో తేల్చుకోవడంలోనే ఇంటి మనసు తెలుస్తుందని నాకనిపిస్తుంది.

పోస్టు రాలేదు. చిన్నది వేలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. సాయిబుగారి భార్య మాత్రం కనిపించిన వాళ్లందరికీ మా గురించి చెప్పింది. దాంతో ఒకరోజు నెలలు నిండిన ఇంకో పిల్ల వచ్చింది.

"నాక్కూడా ఈడ్నే చేస్తావంట గదక్కా? చిత్తూరంటే భయంగా ఉండాది."

"నేనొక్కదాన్నే ఉండానమ్మా. చిత్తూరికే పో, రెండు దినాలు ముందుగానే పోయి చేరు" అన్నాను.

ఆ పిల్ల చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. కాన్పు బాగా అయిందని ఆశా కార్యకర్త చెప్పేదాకా నాకు అన్నం సయించలేదు.