భూమి బరువు మీద నాయనతో వాదన

నిన్న బంగారుపాళ్యం దగ్గర మా బస్సు తోతాపురి లారీ వెనక ఆగింది. మామిడి సొన వాసన గుప్పుమంది. తోటల్లో పెరిగినవాళ్ళకు గుర్తుందా, బుగ్గ మీద సొన కాలిన మచ్చలు?

మా తోట నుంచి లారీలు వెళ్తుంటే చిన్నప్పుడు నాయనను అడిగాను: "ఇన్ని కాయలు పోతే భూమి బరువు తగ్గదా నాయనా?"

"యాడికి పోతాయబ్బా? తినేవాళ్ళు ఈ భూమ్మీదే కదా ఉండేది!"

తగ్గుతుందని నేను మొండికేశాను. ఏటా కోతలప్పుడు అదే వాదన.

నిన్న బస్సులోనే ఫోన్‌లో చదివాను. ఆకాశం నుంచి రాలే దుమ్ము కన్నా పైకి జారిపోయే తేలిక వాయువులే ఎక్కువట. కాయల వల్ల కాకపోయినా, భూమి రవ్వంత తగ్గుతూనే ఉందట.

నాయన పోయాక ఇది రెండో కోత.

"నాయనా, నేనే గెలిచినాను," అని కిటికీ వైపు తిరిగి మెల్లగా అన్నాను. కాదనడానికి ఎవరూ లేరు.