కూర్మయ్య గోలు విడిచి వెళ్లిన సాయంత్రం

1931 సీజన్లో మా తోట ఫుట్‌బాల్ జట్టు మీద పడిన మొదటి గోలుకి బాధ్యత కూర్మయ్య పంచెది. అవతలివాడు తన్నిన బంతి నేరుగా వచ్చి, మోకాళ్ల మీదికి ఎగగట్టిన ఆ పంచెలో దూరి అక్కడే ఉండిపోయింది. బంతి ఆగింది, బాగానే ఉంది. కానీ ఎదురుగా గట్టు మీద ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మర్యాద తెలిసిన మనిషి కనక కూర్మయ్య వాళ్లకి వీపు తిప్పి, బంతిని బయటికి తీసుకోవడానికి రెండడుగులు వేశాడు. ఆ రెండడుగుల మధ్యలో గోలుగీత ఉంది. రిఫరీ ఈల ఊదాడు.

మరుసటి ఆదివారానికల్లా అతని భార్య నూకమ్మ గోధుమపిండి సంచీతో నిక్కరు కుట్టింది. సంచీ మీది కంగారూ బొమ్మ ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. అది సరిగ్గా వెనకవైపు వచ్చింది. అప్పట్నించి ఆ జంతువు కూడా మా జట్టులో మనిషే.

మలయాలో బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు తోట మాది. కూర్మయ్య అక్కడ పద్దెనిమిదేళ్లుగా రబ్బరు పాల కోసం చెట్లు గీస్తున్నాడు. పాల చిప్పని చుక్క తొణక్కుండా దించే చేతులు కనక గోలులో అతన్నే నిలబెట్టారు. బూట్లు ఎవరికీ లేవు. బంతి ఒకటే. లోపలి తిత్తికి చిల్లు పడితే చెట్టు దగ్గరికే తీసుకుపోయి, పాలు పూసి, ఎండబెట్టేవాడు. సీజన్ సగమయ్యేసరికి ఆ తిత్తిలో గాలి కంటే రబ్బరే ఎక్కువ.

కూర్మయ్య వరస పక్క వరస పోలయ్యది. ముందు నిలబడి గోల్సు కొట్టేవాడు పోలయ్య. ఆ ఏడు రబ్బరు ధర పడిపోయి, తోటలన్నీ మనుషుల్ని జాబితాలు రాసి, ఓడలెక్కించి ఇండియాకి పంపేస్తున్నాయి. పోలయ్య పేరు జాబితాలోకి వచ్చింది. చివరి ఆట ఆదివారం, రేవుకి లారీ బుధవారం.

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ బకెట్లు కడుగుతున్నారు.

"బావా, కప్పు మనకొస్తే క్లాంగు పట్నంలో ఫొటో తీయిస్తానన్నాడు దొర," అన్నాడు పోలయ్య.

"తీయించనీ. నానెలాగూ కళ్లు మూసేస్తాను."

"నీ కళ్లతో నాకేటి పని? నాకా ఫొటో కావాల. రెండేళ్ల పిల్లోడప్పుడు ఒచ్చేసినాను. ఊర్లో నన్నెరిగినోడు ఎవుడున్నాడు? సేతిలో అదుంటే, ఈడూ ఒక మనిషేనని సూపించుకుంటాను."

కూర్మయ్య బకెట్టు బోర్లించాడు. "నా ఎనక్కి బంతెళ్లదులే. నువ్వు ముందర సూసుకో."

కువాలా సెలంగోర్ వైపు తోటలో ఆట. పాయింట్లలో మేమే పైన ఉన్నాం, సమానంగా ముగిసినా కప్పు మాదే. పోలయ్య రెండు కొట్టాడు. వాళ్లూ రెండు కొట్టారు. ఆ తర్వాత వాళ్లు ఎన్నిసార్లు వచ్చినా కూర్మయ్య ముందు ఆగిపోయారు. ఒకసారి ముఖంతో ఆపాడు, ముక్కు వాచింది. ఇంక అయిదు నిమిషాలు ఉందని రిఫరీ వేళ్లు చూపించాడు.

అప్పుడు ఆరయింది. ఆ తోటలో ఆరింటికి కాపలావాళ్లు మారతారు. వేలాడగట్టిన రైలుపట్టా మీద ఎవరో సుత్తితో కొట్టారు. టంగ్, టంగ్, టంగ్.

పాలెత్తమని పదకొండింటికి మా తోటలో కొట్టేదీ అలాంటి పట్టానే. అది మోగితే నోట్లో ముద్ద నోట్లోనే ఉంచుకుని చెట్ల దగ్గరికి నడవాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే కూలీల మీద పెత్తనం చేసే కంగాణి తిట్లు. పద్దెనిమిదేళ్ల పాటు ఆ చప్పుడుకి లేచిన కాళ్లు ఇది ఏ తోట, ఏ వేళ అని అడగలేదు. గోలు వెనకే రబ్బరు చెట్లు. కూర్మయ్య తిరిగి, తలొంచుకుని, నింపాదిగా నడిచి వెళ్లిపోయాడు. కంగారూ మాకు బాగా కనిపించింది.

"మావా! మావా!" అని వెనక ఆడే మా వీరాస్వామి అరిచాడు. వాడు గోలుకి అడ్డం పరిగెత్తేలోపు బంతి మెల్లగా, ఎవరికీ తొందర లేనట్టు, గీత దాటింది.

కూర్మయ్య అప్పటికి మొదటి చెట్టు దగ్గరున్నాడు. చిప్ప కోసం చెయ్యి చాచాడు. ఆదివారం కనక చిప్ప బోర్లించి ఉంది. అది చూశాక గాని అతనికి తను ఎక్కడున్నాడో తెలియలేదు.

కప్పూ ఫొటో లేకుండానే లారీలో తిరిగొచ్చాం.

"పాలు ఎన్ని గేలన్లు ఒచ్చినాయి మావా?" అన్నాడు దారిలో వీరాస్వామి.

అందరికంటే ముందు పోలయ్యే నవ్వాడు. తిట్టి ఉంటే బాగుండేదని కూర్మయ్య తర్వాత నూకమ్మతో అన్నాడట.

బుధవారం లారీ పదకొండింటికి వచ్చింది. పోలయ్య చిన్న రేకుపెట్టెతో ఎక్కి కూర్చుని, కూలీల ఇళ్ల లైన్ల వైపు చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే పట్టా మోగింది. కూర్మయ్య బకెట్లు కావడికి తగిలించుకుని చెట్లలోకి వెళ్లిపోయాడు. ఈసారి మరిచిపోయి కాదు. ఏ మొహం పెట్టుకుని ఎదురుపడాలో తెలియక. అయిదో చెట్టు దగ్గర ఉండగా లారీ కదిలిన చప్పుడు వినిపించింది. ఆరో చెట్టుకి వెళ్లకుండా అక్కడే నిలబడిపోయాడని పక్క వరసవాళ్లు చెప్పారు.

ఉత్తరాలు రాలేదు. పోలయ్యకి రాత రాదు, కూర్మయ్యకి చదువు రాదు. మరుసటేడు జట్టు కట్టడానికి మనుషులు మిగల్లేదు. బంతి సామాన్ల గదిలో గట్టిపడి కొబ్బరికాయలా అయింది.

మూడేళ్లకి పట్టా కొట్టే ముసలాయన పోయాడు. ఆ చప్పుడుకి ఇంత విలువిచ్చేవాడు మరొకడు లేడని దొర నవ్వుతూ ఆ పని కూర్మయ్యకే ఇచ్చాడు. మేమూ నవ్వాం. కూర్మయ్య మాత్రం సుత్తి రెండు చేతులా అందుకున్నాడు.

అప్పట్నించి మా తోటలో పదకొండు గంటలు ఆలస్యంగా అయ్యేవి. సుత్తి పట్టుకుని, ఎదురుగా ఖాళీ మైదానాన్ని చూస్తూ నిలబడేవాడు. నెల రోజులు ఓర్చుకుని, ఒకనాడు లెక్కలు రాసే కిరాణి ఫ్రాన్సిస్ చేతిగడియారం చూపిస్తూ ఆఫీసులోంచి వచ్చాడు.

"ఏటి కూర్మయ్యా, పదకొండు దాటి అయిదు నిమిషాలయింది. రోజూ ఇదే వరస. పాలు గడ్డకడితే దొరకి నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

"అయిదు నిమిషాలే కదయ్యా కిరాణీగారూ, ఆయేళ ఆటలోనూ అంతే మిగిలింది."