డెబ్బై ఒకటో నిమిషం

పోయిన నెల ఒక మంగళవారం ఉదయం నా ఫోన్‌కు రెండు సందేశాలు వచ్చాయి. మొదటిది, "ఇవాళ ప్రాక్టీస్ లేదు." నాలుగు నిమిషాల తర్వాత రెండోది, "భాయ్ పోయారు." రెండూ పంపింది ఒక్కడే, ఇక్కడ జర్మనీలోని ఆకెన్‌లో ఎమ్మెస్ చదువుతున్న గుంటూరు కుర్రాడు. మొదటిది పంపేటప్పటికే అతనికి విషయం తెలుసు. ఆ మాట రాయడానికి చెయ్యి రాక ప్రాక్టీస్ లేదని రాశానని తర్వాత చెప్పాడు.

భాయ్ ఇక్కడి తెలుగు విద్యార్థుల ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. ఊళ్ళో సిటీ బస్సు డ్రైవర్. ఆ ఉదయం డిపోలో బస్సు ఎక్కబోతూ కూలిపోయాడు. గుండెపోటు. యాభై రెండేళ్ళు. ఆయన పుట్టింది ఆకెన్‌లో, చదివింది ఆకెన్‌లో, పోయింది ఆకెన్‌లో. పోయేనాటికి ఆయన భారత పౌరుడు. జర్మనీ పౌరసత్వం ఎన్నడూ తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదన్నది పదకొండేళ్ళపాటు నన్ను వదలని ప్రశ్న.

నా భార్య ఉద్యోగం వల్ల మేం ఈ ఊరు వచ్చిన కొత్తలో ఆయన పరిచయమయ్యాడు. అంతకుముందు హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ళు ఆటల పేజీకి పనిచేశాను. ఒక మధ్యాహ్నం బస్సులో ముందు సీట్లో కూర్చుని ఫోన్‌లో మా చెల్లెలితో మాట్లాడుతున్నాను. రైల్వే స్టేషన్‌కు ఏ స్టాప్‌లో దిగాలో తెలియడం లేదని ఆమెతో అంటున్నాను. సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. డ్రైవర్ వెనక్కి తిరగకుండానే, "అన్నా, నీ స్టాప్ ఎప్పుడో పోయింది. జరసేపైతే హాలండ్ వస్తది. దిగుతవా, చూసొస్తవా?" అన్నాడు.

చూసొస్తానన్నాను. ఆ రూటు నిజంగానే సరిహద్దు దాటి డచ్ ఊరిదాకా వెళ్తుంది. సరిహద్దు అంటే అక్కడ గేటూ లేదు, సిపాయీ లేడు. ఒక బోర్డు, రోడ్డు మీద గీతల రంగు మారడం, అంతే. చివరి స్టాప్‌లో ఆయన బస్సు ఆపి ఫ్లాస్కులో టీ పోసిచ్చాడు. తన సంగతులు చెప్పాడు. తల్లి నల్లగొండ ఆమె, తండ్రి హైదరాబాద్ నుంచి ఇంజనీరింగ్ చదువుకు వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఇంట్లో ఉర్దూ, బడిలో జర్మన్. తెలుగు మాత్రం ఏటా వేసవి సెలవుల్లో నల్లగొండలో అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది. ఏం చేస్తుంటావని ఆయన అడిగితే ఆటల విలేకరినని చెప్పాను. ఆయన ఫ్లాస్కు మూతపెట్టి, "గట్లనా. నేను గూడ ఇండియాకు ఆడిన, కొంచెం," అన్నాడు.

కొంచెం అంటే ఎంత? ఈ ప్రశ్నకు సమాధానం నాకు ఆయన బతికి ఉండగా దొరకలేదు.

ఆయన ఇక్కడి నాలుగో డివిజన్ క్లబ్బులో పన్నెండేళ్ళు ఆడాడు. అందులో అనుమానం లేదు. పాత పత్రికల్లో ఉంది, ఫొటోలున్నాయి, బస్సు ఎక్కే ముసలివాళ్ళు కొందరు ఇప్పటికీ ఆయన్ని చొక్కా నంబరుతో పిలిచేవారు. భారత జట్టు సంగతే వేరు. ఇరవై తొమ్మిదో ఏట క్లబ్బు ఆఫీసుకు ఫ్యాక్స్ వచ్చిందనీ, శిక్షణ శిబిరానికి వెళ్ళాననీ, విదేశంలో రెండు స్నేహపూర్వక మ్యాచ్‌లకు జట్టుతో ఉన్నాననీ, రెండోదాంట్లో దిగాననీ, తిరిగొచ్చాక మోకాలు పోయిందనీ ఆయనే చెప్పాడు. నేను వెతికాను. ఆ మ్యాచ్ నివేదిక దొరికింది. మొదటి పదకొండు మంది పేర్లున్నాయి, గోల్స్ వేసినవాళ్ళ పేర్లున్నాయి. మధ్యలో ఎవరి బదులు ఎవరు దిగారో లేదు. పాత విలేకరి మిత్రులను అడిగాను. ఒకాయన "ఉండొచ్చు" అన్నాడు. ఇంకొకాయన "జర్మనీ కుర్రాడా? ఒకడు శిబిరానికి వచ్చినట్టు గుర్తు" అన్నాడు. శిబిరానికి రావడం వేరు, ఆడటం వేరు. చెప్పినవాడు ఒక్కడే అయినప్పుడు అచ్చువేయకూడదన్నది నేను నేర్చుకున్న పని. కాబట్టి రాయలేదు.

రాయనన్నందుకు ఆయన నొచ్చుకోలేదు. పైగా తేలికపడ్డట్టు కనిపించాడు. "మంచిది అన్నా. రాసేటోడు నిమిషాలడుగుతడు. ఆడేటోడు చెప్పడు," అన్నాడు. అప్పుడది మాట దాటవేయడం అనుకున్నాను.

నిమిషాల సంగతి తెలియకపోయినా, ఆ పాస్‌పోర్టుకు ఆయన ఏం వదులుకున్నాడో తెలుసు. ఇది ఆయన కాక ఆయన తల్లి చెప్పింది. ఇరవై రెండో ఏట సరిహద్దు అవతలి డచ్ క్లబ్బు ఒకటి ఆయన్ని అడిగింది. పెద్ద డివిజన్‌కు ఒక్క మెట్టు కింద ఉన్న జట్టు. అయితే యూరప్ బయటి పాస్‌పోర్టు ఉన్న ఆటగాడికి అక్కడ చాలా ఎక్కువ జీతం ఇవ్వాలన్న నియమం ఉంది. ఆ చిన్న క్లబ్బుకు అంత శక్తి లేదు. వాళ్ళ మేనేజరు ఇంటికొచ్చి, జర్మన్ పాస్‌పోర్టు తెచ్చుకో, మర్నాడే సంతకం అన్నాడట. ఆయనకు అర్హత ఉంది. తల్లిదండ్రులూ చెల్లెలూ అప్పటికే మారిపోయారు. దరఖాస్తు నింపి బల్ల మీద పెట్టారు. కానీ మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఇది తీసుకుంటే అది పోతుంది. అది పోతే భారత జట్టుకు ఆడే వీలు పోతుంది. ఆ దరఖాస్తు వేసవి అంతా ఆ బల్ల మీదే ఉంది. "టీ గ్లాసుల కింద పెట్టి పెట్టి దాని నిండా రింగులు పడినై," అంది ఆమె. "వాళ్ళ అబ్బా కోపంతోటి మూడు నెలలు మాట్లాడలే. ఎవడు పిలుస్తడురా నిన్ను అక్కడికెళ్ళి అని నేనంటే, పిలిస్తే ఇంట్ల ఉండాలె గద అమ్మీ అంటడు."

ఏడేళ్ళ తర్వాత పిలిచారు. ఏడేళ్ళు చాలా ఎక్కువ సమయం ఒక ఫుట్‌బాల్ ఆటగాడికి.

తర్వాత ఆయన బస్సు డ్రైవర్ అయ్యాడు. ఏ సరిహద్దు దాటి ఆడలేకపోయాడో ఆ సరిహద్దును రోజుకు ఆరుసార్లు దాటేవాడు. ఈ మాట నేను ఒకసారి ఆయనతోనే అన్నాను. ఆయన నవ్వి, "ఆ క్లబ్బు గ్రౌండ్ ముంగటనే మా స్టాపు. పాసింజర్లు ఎక్కువ ఉండరు," అన్నాడు.

విద్యార్థుల జట్టు పుట్టింది విదేశీయుల కార్యాలయం వరుసలో. పాస్‌పోర్టు కొత్తది వచ్చినప్పుడల్లా నివాస కార్డు మార్చుకోవడానికి ఆయన కూడా అక్కడ నిలబడాలి. ఒకసారి ఆయన వెనక నలుగురు కొత్త విద్యార్థులున్నారు. టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకడానికి ఎన్ని వారాలు పట్టిందో తెలుగులో చెప్పుకుని తిట్టుకుంటున్నారు. వాళ్ళలో కరీంనగర్ కుర్రాడు ఆయన్ని చూసి, "భాయ్, మీది ఏ కోర్సు?" అని అడిగాడు.

"పుట్టుడు కోర్సు."

"అంటే?"

"పుట్టినకాడి నుంచి ఇదే సెమిస్టర్ తమ్మీ. పాస్ చేస్తలేరు."

వరుస కదిలేసరికి ఆ నలుగురూ ఆదివారం మైదానానికి రావడానికి ఒప్పుకున్నారు. వాళ్ళలో ఇద్దరు అంతకుముందు బంతి తన్ని ఎరగరు. ఏడాదిలో పద్దెనిమిది మంది అయ్యారు. ఊళ్ళో సరదా జట్ల మధ్య జరిగే పోటీల్లో చేరారు. మొదటి ఏడాది మ్యాచ్‌లన్నీ ఓడిపోయారు. భాయ్ కేకలు వేసేవాడు కాదు. మ్యాచ్ అయ్యాక బూట్ల మట్టి ఎవరిది వాళ్ళే కడగాలి, దుస్తుల గది ఊడ్చే వెళ్ళాలి, ఇవి రెండే ఆయన నియమాలు. "ఓడినోళ్ళు గలీజ్ చేసి పోయిన్రు అనిపించుకోవద్దు," అనేవాడు. బెంచీ మీద కూర్చుని మొహం మాడ్చుకున్నవాణ్ణి చూస్తే, "నువ్వు గూడ టీమే రా. చెమట రాలేదు, గంతే," అనేవాడు.

ఆయనకు ఇంకో అలవాటు ఉంది. ప్రతి మ్యాచ్ చివరి భాగంలో బెంచీ మీదున్న అందరికంటే బలహీనమైనవాణ్ణి దించేవాడు. గెలుస్తున్నా, ఓడుతున్నా, స్కోరు సమంగా ఉన్నా అంతే. చాలాకాలం ఆ బలహీనమైనవాడు గుంటూరు కుర్రాడే. ఒకసారి ఒక్క గోల్ ఆధిక్యంలో ఉండగా ఆయన అతన్ని లెమ్మన్నాడు. కరీంనగర్ కుర్రాడు మైదానంలోంచే అరిచాడు.

"భాయ్! గెలిచే మ్యాచ్‌ల గాన్ని దించుతవేంది? గాడు బంతిని చూస్తే దండం పెడ్తడు!"

"నాకు కూడా వద్దు భాయ్," అన్నాడు గుంటూరు కుర్రాడు. "వీళ్ళు నన్ను చంపేస్తారు. వచ్చే వారం దిగుతానండీ."

"వచ్చే వారం ఉన్నదని ఎవరు చెప్పిన్రు నీకు?" అన్నాడు భాయ్. "లే. సాక్స్ పైకి గుంజు."

దిగాడు. గోల్ ఇచ్చేశారు. మ్యాచ్ సమమైంది. కరీంనగర్ కుర్రాడు వారం రోజులు మాట్లాడలేదు. నేను గమనించింది ఇంకొకటి. లెమ్మనే ముందు భాయ్ స్కోరు చూసేవాడు కాదు, ఆటనూ చూసేవాడు కాదు. వాచీ చూసుకునేవాడు. ఎందుకని అడిగితే, "బస్సు నడిపేటోడు టైం జూడకుంటే ఎట్ల?" అన్నాడు. నమ్మేశాను. నా వాచీ నేను చూసుకోవాలని తోచలేదు.

పాస్‌పోర్టు ప్రశ్న మాత్రం వదలలేదు. ఆటే ఆగిపోయాక ఇంకా ఎందుకు పట్టుకుని ఉన్నాడు? ఒకసారి, తాత హైదరాబాద్‌లో పోలీసు జట్టుకు ఆడేవాడనీ, ఆయన కోసమనీ అన్నాడు. తాత పోయాక కూడా పాతికేళ్ళు గడిచాయి కాబట్టి అది కారణం కాదు. ఇంకోసారి, టెర్మిన్ దొరకలేదన్నాడు. అది అసలే కాదు. ఊళ్ళో ఎన్నికలు జరిగిన ఆదివారం ఆయనకు డ్యూటీ. నేను అదే బస్సులో ఉన్నాను. పోలింగ్ జరిగే బడి దగ్గర సగం బస్సు దిగింది. ఆయన మైకులో జర్మన్‌లో ఏదో అంటే ముసలివాళ్ళు నవ్వారు. ఏమన్నావని అడిగాను.

"నా తరఫున గూడ ఒకటెయ్యిన్రి అన్న."

"యాభై ఏళ్ళు ఈ ఊళ్ళో ఉండి ఓటు లేకపోవడం ఏంటి భాయ్? ఇప్పుడు నిన్ను ఎవరు పిలుస్తారని?"

తలుపులు మూసుకున్నాయి. తర్వాతి స్టాపులో ఆయన బస్సు ఆపాడు. అక్కడ ఎవరూ ఎక్కలేదు. అప్పుడన్నాడు.

"ఇది ఇచ్చేస్తే, ఆడినోడు ఎవడైతడు అన్నా?"

రికార్డులు అలా మారవని, ఆడినవాడు ఆడినవాడేనని నేను వివరించబోయాను. మధ్యలో ఆగిపోయాను. ఆయన ఏ రికార్డులో ఉన్నాడని? వెతికి లేడని తేల్చింది నేనే. తను ఆడాడని చెప్పగలిగే కాగితం ఆయన దగ్గర అదొక్కటే అని ఆయన అనుకుంటున్నాడని నాకు ఆ బస్సులో అర్థమైంది.

కానీ అదొక్కటే కాదు.

ఊరి శ్మశానంలో ముస్లింల వైపున ఆయన్ని ఖననం చేశారు. విద్యార్థులంతా వచ్చారు. అయిదో రోజున భాభీ, అంటే ఆయన భార్య, కబురు చేస్తే వెళ్ళాను. పాస్‌పోర్టును రద్దు చేయించడానికి కాన్సులేట్‌కు పంపాలి. ఆ ఫారం నింపడానికి సాయం కావాలంది. బల్ల మీద పాస్‌పోర్టు తోలు కవరులో ఉంది. పాస్‌పోర్టులు మారినా ఆ కవరు మాత్రం పాతదే. అంచులు అరిగిపోయాయి.

"కవర్ పంపొద్దంట గద అన్నా. తీసి ఇయ్యి," అంది.

తీశాను. లోపలి అరలో నాలుగు మడతల చీటీ ఒకటి ఉంది. ఆటగాణ్ణి మార్చేటప్పుడు జట్టు మేనేజరు నింపి మైదానం పక్కనుండే అధికారికి ఇచ్చే చీటీ. అలాంటివి నా ఉద్యోగంలో వందలు చూశాను. మ్యాచ్ అయ్యాక చెత్తబుట్టలోకి పోయేవి. దీని మీద మ్యాచ్ తేదీ ఉంది, కింద సంతకం ఉంది. బయటికి వచ్చేది ఎనిమిదో నంబరు. లోపలికి వెళ్ళేది పదిహేడో నంబరు, పక్కన ఆయన పేరు. సమయం గడిలో 71.

తొంభైలోంచి డెబ్బై ఒకటి తీసేసుకుంటున్నాను.

"పంతొమ్మిది నిమిషాలన్నా," అంది భాభీ. "నాకు పెండ్లప్పుడే చెప్పిండు. నీకు చెప్పొద్దన్నడు. నువ్వు రాస్తవంట. రాస్తే జనం, పంతొమ్మిది నిమిషాల కోసమా ఇదంత అని నవ్వుతరంట."

"రాయమంటారా ఇప్పుడు?"

ఆమె చీటీ తీసుకుని మడతలు మళ్ళీ ఉన్నవి ఉన్నట్టే వేసింది. "నవ్వేటోళ్ళు నవ్వనీ. ఉన్నది ఉన్నట్టు రాయి. ఎక్కువ చేసి రాయకు, ఆయనకు నచ్చదు."

అందుకే ఉన్నది రాస్తున్నాను. ఆయన భారత జట్టుకు ఒక మ్యాచ్ ఆడాడు. డెబ్బై ఒకటో నిమిషంలో దిగాడు. జట్టు ఓడింది. ఇప్పుడు నా దగ్గర రెండో ఆధారం ఉంది. పదకొండేళ్ళు ఆలస్యంగా దొరికింది.

ఆ ఆదివారం జట్టుకు మ్యాచ్ ఉంది. వాయిదా వేయమంటే వేసేవారే కానీ విద్యార్థులు వద్దన్నారు. చీటీ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కోచ్ నిలబడే చోట గుంటూరు కుర్రాడు నిలబడ్డాడు, కాలు బెణికి ఆడటం లేదు. మన వాళ్ళు ఒక్క గోల్ ఆధిక్యంలో ఉన్నారు. అవతలి జట్టు దూసుకొస్తోంది. గుంటూరు కుర్రాడు ఫోన్ తీసి సమయం చూసుకున్నాడు. బెంచీ చివర ఈ సెమిస్టరే వచ్చిన కళ్ళద్దాల కుర్రాడు కూర్చుని ఉన్నాడు.

"లెగు. సాక్స్ పైకి లాగు," అన్నాడు.

"ఇప్పుడా? ఓడిపోతాం అన్నా!"

"లెగవయ్యా బాబూ."

నేను నా వాచీ చూసుకున్నాను. సెకనుకు సెకను సరిపోయిందని చెప్పలేను. నిమిషం సరిపోయింది.

"ఇప్పుడే ఎందుకు?" అని అడిగాను.

"ఏమో సార్. భాయ్ ఎప్పుడూ ఇప్పుడే కదా దించేది," అన్నాడు మైదానం మీంచి చూపు తిప్పకుండా.

కరీంనగర్ కుర్రాడు ఈసారి అరవలేదు. కొత్తవాడికి ఎక్కడ నిలబడాలో చెయ్యి చాపి చూపించాడు. ఒక సాక్సు మోకాలి దాకా, ఇంకోటి చీలమండ దగ్గర. కళ్ళద్దాలు ముక్కు మీదికి తోసుకుంటూ వాడు అటు పరుగెత్తాడు. ఇంకా పంతొమ్మిది నిమిషాల ఆట ఉంది. బంతి వాడి వైపే వస్తోంది.