తెల్లచొక్కాకు నేను వేసిన కుట్టు

బట్టలంగట్లో గుడ్డ చర్రుమని చింపితే, సాయంత్రపు ఎండకు తేనెరంగులో వెలిగే ప్రొద్దుటూరు కుస్తీ డేరా నాకు ఇప్పటికీ కళ్ల ముందు తేలుతుంది.

తెల్లచొక్కా వస్తాదే గొప్పని నేను, మీసాల వస్తాదే గొప్పని అన్న రోజూ పోట్లాడుకునేవాళ్లం.

"ఆ మీసాలాయప్ప ముందర మీవోడు యాడ ఆనుతాడే?" అనేవాడు అన్న.

రోజూ మీసాలాయన ఆ చొక్కాను చింపేవాడు. అప్పుడే మావాడు రోషం పొంగి గెలిచేవాడు. చిరిగిన చొక్కా మర్నాడు మా నాయన కుట్టుమిషను దగ్గరికి వచ్చేది. ఒకసారి చూస్తే నాయన లాగగానే ఊడే కచ్చాకుట్లు వేస్తున్నాడు. నాయన కూడా మీసాలాయన వైపు చేరాడనుకొని, ఎవరూ లేనప్పుడు రెండుపేటల దారంతో గట్టిగా కుట్టేశాను.

ఆ సాయంత్రం మీసాలాయన లాగాడు. చిరగలేదు. మళ్లీ లాగాడు. జనం నవ్వసాగారు. మావాడి మొహం పాలిపోయింది.

"చూస్తివా అన్నా, మావోని చొక్కా గూడా చింపలేకపోతాండాడు" అన్నాను.

అంతలో మీసాలాయన గుర్రుమని వంగి, అంచును పళ్లతో కొరికి చర్రున చీల్చాడు. డేరా అంతా ఈలలు. మావాడు రొమ్ము చరుచుకొని లేచి గెలిచాడు. నేను ఇంటిదాకా ఎగురుకుంటూ వచ్చాను.

నా కుట్టు బారినుంచి మావాణ్ణి కాపాడింది ఆ మీసాలాయన పళ్లేనని తెలిసేసరికి నాకు పెళ్లయి, పిల్లలు పుట్టారు.