గడియారమ్మ రాసిన గంటలు

ప్లాస్టిక్ కప్పు కింద పూలు పెంచే పాలీహౌస్‌లో సూపర్‌వైజరుగా చేసే ఆవిడని అందరూ గడియారమ్మ అంటారు. పనివాళ్ళు రెండు నిమిషాలు ఆలస్యంగా వస్తే, ఆ సంగతి ఆవిడకి నాలుగు నిమిషాల ముందే తెలిసిపోతుందని ప్రతీతి. అలాంటి మనిషి చేతికి మేనేజరు ఒక రిజిస్టరూ, ఒక బోర్డూ అప్పగించాడు. పురుగుమందు కొట్టగానే బోర్డు ఎర్రవైపు తిప్పాలి. ఇరవై నాలుగు గంటలయ్యాకే పచ్చవైపు తిప్పి మనుషుల్ని లోపలికి పంపాలి. తిప్పిన వేళలు రాసిపెట్టాలి.

రిజిస్టరు పొల్లుపోకుండా నడిచింది. ముత్యాల్లాంటి చేతిరాత. తనిఖీకి వచ్చినవాళ్ళు దాన్ని చూసి తలలూపి, కాఫీ తాగి, ఇంకో సర్టిఫికెట్ ఇచ్చి వెళ్ళేవారు. తలుపు దగ్గర కథ వేరు. విచ్చుకున్న పువ్వు ముఖం ఏ వ్యాపారీ చూడడు. మొగ్గగా ఉండగానే కోసెయ్యాలి కనక మూడు గంటలు గడవగానే బోర్డు తిరిగేది. వాసన పోతే మందూ పోయినట్టేనని మేనేజరు సిద్ధాంతం. ఏ చదువు చదివి కనిపెట్టాడో గానీ, దాన్ని పరీక్షించడానికి ఆయన ముక్కు ఒక్కనాడూ ఆ గడప దాటలేదు.

దాటిన ముక్కు గడియారమ్మది. అప్పుడావిడకి అయిదో నెల. కడుపుతో ఉన్నవాళ్ళకి వాసనలు ఇట్టే తెలుస్తాయి, ఈ పనికి నీకంటే తగినవాళ్ళు లేరని మేనేజరు ఆవిణ్ణి మునగచెట్టు ఎక్కించాడు. ఆవిడ ఎక్కింది. ముందుగా తను వెళ్ళి గట్టిగా ఊపిరి పీల్చి, ఫరవాలేదనిపిస్తే మిగతా ఆడవాళ్ళని రమ్మనేది. వాళ్ళలోనూ ముగ్గురు కడుపుతో ఉన్నవాళ్ళే.

ఆవిడ కూతురికి ఇప్పుడు ఐదేళ్ళు. నాలుగడుగులు పరుగెత్తితే పిల్లికూతలు మొదలవుతాయి, పక్కటెముకలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంది. పనివాళ్ళ పిల్లల్ని ఉంచే గది పాలీహౌస్ పక్కనే. ఫ్యాన్లు బయటికి తోసే గాలి సరిగ్గా ఆ కిటికీల్లోకే వస్తుంది. తొమ్మిదిమంది పిల్లల్లో అయిదుగురికి అదే ఆయాసం. తల్లులు గొడవపెడితే, గది అక్కణ్ణించి మార్చాలో వద్దో తేల్చడానికి ఆస్పత్రి నుంచి డాక్టరమ్మ వచ్చింది.

పిల్లల్ని పరీక్షించి, కడుపులో ఉండగా తల్లి పురుగుమందు పీలిస్తే బిడ్డ ఊపిరితిత్తులు అప్పుడే దెబ్బతినవచ్చని, పుట్టాక కూడా అదే గాలి తగిలితే ఇంకా ముదురుతుందని ఆమె చెప్పింది. ఎవరూ అడక్కుండానే మేనేజరు రిజిస్టరు తెచ్చి బల్లమీద తెరిచాడు. డాక్టరమ్మ ఆ పిల్లలు కడుపులో ఉన్ననాటి పేజీలన్నీ తిరగేసింది.

"ఇందులో ఒక్కరు కూడా తొందరపడి లోపలికి వెళ్ళినట్టు లేదు. మరి కారణం ఇదేనని నేనెలా రాయను?" అంది.

ఇళ్ళల్లో బూజు దులుపుకుంటే మంచిదని మేనేజరు సెలవిచ్చాడు. గది ఎక్కడిదక్కడే ఉంటుందని, తన కూతురు రేపూ ఆ కిటికీ పక్కనే కూర్చుంటుందని గడియారమ్మకి అర్థమైంది. నోరు విప్పితే ఉద్యోగం పోతుందన్న భయమూ ఉంది, అబద్ధమెందుకు. కానీ అది రెండో భయం.

"ఆ రాత నాదే డాక్టరమ్మా. గంటలు మాత్రం అబద్ధం. మందు కొట్టిన మూడు గంటలకే తలుపు తీసేవాళ్ళం."

మేనేజరు దగ్గాడు. పొద్దుట్నించీ అక్కడ వినిపించిన దగ్గుల్లో ఆయాసం లేనిది అదొక్కటే.

కడుపుతో ఉండి లోపలికి వెళ్ళినవాళ్ళు ఎవరెవరని డాక్టరమ్మ కలం తీసి అడిగింది. గడియారమ్మ ముందు తన పేరు చెప్పి, తర్వాత ఆ ముగ్గురి పేర్లూ, ఎవరికి ఎన్నో నెలో కూడా చెప్పింది. ఏదీ చూసి చెప్పాల్సిన అవసరం రాలేదు. పిల్లల గది వెంటనే మార్చాలని డాక్టరమ్మ అక్కడికక్కడే కాగితం రాసిచ్చింది.

గడియారమ్మకి ప్రాణం లేచొచ్చింది. కూతుర్ని ఎత్తుకుని బయటికి వస్తుంటే, గుమ్మం దగ్గర ఆ ముగ్గురిలో ఒకామె కొడుకుని చంకనేసుకుని నిలబడి ఉంది. లోపలి మాటలన్నీ విన్నది. గొంతు పెంచలేదు.

"ఇరవై నాలుగు గంటలు ఆగాలని నీకు తెలుసు కదక్కా," అంది. "మాకెవరూ చెప్పలేదు."